తుక్కు భాగాలతో రోబోను కట్టుకునే రోగ్‌లైక్: వర్క్‌బెంచ్ ఉంచాలా, తీసేయాలా?

కోర్లగుంట రోబో
శనివారం, రాత్రి 9:15

సభ్యులందరికీ నమస్కారం. తిరుపతిలో ఉద్యోగం చేసుకుంటూ, తీరిక దొరికినప్పుడల్లా ఒక చిన్న రోగ్‌లైక్ (చనిపోతే మొదటి నుంచి ఆడాల్సిన, ప్రతిసారీ మ్యాప్ మారే కంప్యూటర్ ఆట) తయారు చేస్తున్నాను. ఆటకు ఇంకా పేరు పెట్టలేదు. మూతపడిన ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీ అడుగు అంతస్తులో మెలకువ వచ్చిన మరమ్మతు రోబో పది అంతస్తులు ఎక్కి బయటపడాలి. ఆట గడుల మీద, వంతుల వారీగా సాగుతుంది. రోబో చెడిపోతే మళ్లీ మొదటి నుంచి, కొత్త మ్యాప్‌తో. ఎదురైన యంత్రాలను పడగొట్టి వాటి కాళ్లు, మోటార్లు, బ్యాటరీలు, కెమెరాలు విప్పుకొని తగిలించుకోవచ్చు. లేదా విప్పినవాటిని తుక్కు కింద మార్చుకొని, ప్రతి అంతస్తులోనూ ఉండే వర్క్‌బెంచ్ దగ్గర కావలసిన భాగాన్ని కొత్తగా చేసుకోవచ్చు.

చిక్కంతా ఈ రెండో దారితోనే వచ్చింది. పరీక్షకు ఇచ్చిన మిత్రులందరూ అంతస్తు మొత్తం ఊడ్చి, తుక్కును మోసుకొచ్చి బెంచ్ పక్కన పోగేసి, మళ్లీ వెళ్లి మళ్లీ మోసుకొచ్చి, మూడో అంతస్తు దాటేసరికి అచ్చం ఒకేలాంటి రోబోను తయారు చేసుకుంటున్నారు: గొలుసు చక్రాలు, రెండు బరువైన కవచాలు, ఒక లేజర్. అక్కడి నుంచి పైకి వాళ్లకు భయమూ లేదు, ఆసక్తీ లేదు. బెంచ్‌ను తీసేస్తే రోబోల ఆట అన్న అందమే పోతుందేమోనని వెనకాడుతున్నాను. ఈ రకం ఆటలు బాగా ఆడినవారు ఏమంటారో తెలుసుకోవాలని ఉంది.

రేణిగుంట ప్యాసింజర్
శనివారం, రాత్రి 9:40

తీసేయండి. దొరికినదానితో నెట్టుకురావడమే రోగ్‌లైక్. కావలసింది కావలసినప్పుడు చేసుకోగలిగితే అది వేరే జాతి ఆట.

పాకాల జంక్షన్
శనివారం, రాత్రి 11:05

రేణిగుంట గారి మాటలో సగం ఒప్పుకుంటాను. 1980లో మైకేల్ టాయ్, గ్లెన్ విక్‌మన్ కాలిఫోర్నియాలోని శాంతాక్రూజ్‌లో చదువుకుంటూ, ఈ రకం ఆటలకు పేరు తెచ్చిన రోగ్‌ను తయారు చేశారు. తరువాత బర్క్‌లీలో కెన్ ఆర్నాల్డ్ వారితో కలిశారు. తెర మీద ఎక్కడ కావాలంటే అక్కడ అక్షరాన్ని నిలబెట్టే కర్సెస్ లైబ్రరీ మీద ఆ ఆట నడిచేది. అందులో వర్క్‌బెంచ్ లాంటిదేమీ లేదు. కానీ అందులో ఆటగాణ్ణి ముందుకు నడిపించింది క్రాఫ్టింగ్ (వస్తువులను సొంతంగా తయారు చేసుకోవడం) లేకపోవడం కాదు, ఆకలి. ఎంత జాగ్రత్తపరుడైనా ఒకే అంతస్తులో తచ్చాడుతూ కూర్చుంటే తిండి అయిపోయేది. 2009 నాటి బ్రోగ్ కూడా ఇదే లెక్క పాటిస్తుంది: తిండి లోతును బట్టి దొరుకుతుంది తప్ప మనం గడిపిన కాలాన్ని బట్టి కాదు. అందువల్ల దిగుతూ పోయేవాడికి కొరత ఉండదు, నిలబడిపోయినవాడికి మాత్రం కడుపు మాడుతుంది.

2008లో బెర్లిన్‌లో రోగ్‌లైక్ తయారీదారుల అంతర్జాతీయ సదస్సు జరిగినప్పుడు, రోగ్‌లైక్‌కు ఉండవలసిన లక్షణాలను ఒక జాబితాగా రాసుకున్నారు. యాదృచ్ఛిక మ్యాప్, శాశ్వత మరణం, వంతులు, గడులతో పాటు వనరులను పొదుపుగా వాడుకోవడం కూడా అందులో ఉంది. క్రాఫ్టింగ్ కూడదని అందులో ఎక్కడా లేదు. కాబట్టి తమ్ముడూ, తప్పు బెంచ్‌ది కాదు. నీ ఆటలో కాలానికి ఖరీదు లేదు. వంద వంతులు మోత మోసినా అడిగేవాడు లేనప్పుడు ఎవరైనా మోస్తారు. బ్యాటరీ వంతుకింత చొప్పున తరిగేలా చేసి చూడు.

కోర్లగుంట రోబో
ఆదివారం, ఉదయం 7:50

అన్నా, ఆ పని ముందే చేసి చూశాను. బెంచ్ దగ్గర అన్నిటికన్నా తక్కువ తుక్కుతో తయారయ్యేది బ్యాటరీయే కావడంతో, అందరూ బ్యాటరీలు చేసుకోవడానికే మరికొంత తుక్కు మోశారు. బ్యాటరీ ఖరీదు పెంచితే, బాగా ఆడేవారికి ఏ తేడా లేకుండా పోయింది. కొత్తవారు మాత్రం రెండో అంతస్తులోనే ఛార్జింగ్ అయిపోయి ఆగిపోయారు. పైగా తెర మూలన ఒక అంకె తరుగుతూ ఉంటే ఎవరో వెనక నుంచి నెడుతున్నట్టు ఉందని ఇద్దరు చెప్పారు.

స్వర్ణముఖి
ఆదివారం, ఉదయం 10:30

మీ ఆట వివరణ చదవగానే నాకు గుర్తొచ్చింది కాగ్‌మైండ్. ఆడకపోయి ఉంటే తప్పకుండా ఆడండి, ఎందుకంటే మీ సమస్యకు పదేళ్లకు పైగా సమాధానాలు వెతుకుతున్న ఆట అది. గ్రిడ్ సేజ్ గేమ్స్ పేరుతో జోష్ గే దానిని చేస్తున్నారు. 2012లో ఏడు రోజుల్లో రోగ్‌లైక్ రాసే పోటీ కోసం మొదలై, 2015లో ఆల్ఫాగా (ఇంకా పూర్తికాని తొలి రూపంగా) అమ్మకానికి వచ్చి, 2017లో స్టీమ్ అనే ఆన్‌లైన్ ఆటల దుకాణానికి చేరింది. అందులోనూ ఆటగాడు రోబోయే, అడుగు నుంచి పైకే ఎక్కాలి, ఒంటినిండా తగిలించుకునేవి శత్రువుల భాగాలే.

అందులో నాకు బాగా నచ్చినది, భాగానికి ఉన్న రెండు పనులు. తగిలించుకున్న కాలు నడవడానికి ఉపయోగపడుతుంది, దెబ్బ తగిలినప్పుడు మధ్యలో ఉన్న కోర్‌కు అడ్డం కూడా పడుతుంది. ప్రతి పోరాటంలోనూ ఏదో ఒకటి రాలిపోతుంది. మంచి తుపాకీ దొరికిందని మురిసిపోయిన మరుక్షణంలో అదే ముందుగా విరిగిపోవచ్చు. శత్రువును చంపినందుకు అనుభవ పాయింట్లు ఏమీ రావు. కొత్త స్లాట్లు (భాగాలు తగిలించుకునే చోట్లు) పై అంతస్తుకు ఎక్కినప్పుడే వస్తాయి. అంటే కింద ఉండి పోగేసుకోవడం వల్ల లాభం ఏ దారినా లేదు. మోసుకుపోయే చోటు కూడా చాలా తక్కువ. ఎక్కువ మోయాలంటే నిల్వ పెట్టెను ఒక భాగంగా తగిలించుకోవాలి, అది ఒక స్లాట్‌ను మింగేస్తుంది.

మీరు అడిగిన క్రాఫ్టింగ్ అక్కడ కూడా ఉంది. టెర్మినల్‌ను హ్యాక్ చేసి నమూనా సంపాదించి, ఫ్యాబ్రికేటర్ యంత్రంతో చేయించుకోవచ్చు. కానీ దాని మీదే ఆధారపడి ఎవరూ ఆడరు. ఇంకొకటి చూడండి: నేల మీద పడి ఉన్న భాగాలను రీసైక్లర్లు అనే చిన్న రోబోలు ఏరుకుపోతుంటాయి. అవి పోరాడవు, మిమ్మల్ని పట్టించుకోవు, వాటి పని అవి చేసుకుపోతాయి. గడియారం పెట్టకుండానే కాలానికి ఖరీదు కట్టడం అంటే అదీ.

రేణిగుంట ప్యాసింజర్
ఆదివారం, మధ్యాహ్నం 12:10

మేడం, కాగ్‌మైండ్ నేను ఆడాను. ఆ రీసైక్లర్ల మీద నాకు ఇప్పటికీ కోపమే. అయినా మీరు చెప్పింది నిజం. ఫోన్‌లో ఆడేవారికి ఇంకో ఉదాహరణ చెబుతాను. పిక్సెల్ డంజన్ అనే ఆటను వటాబౌ అనే రష్యన్ తయారీదారు 2012లో ఆండ్రాయిడ్‌కు తెచ్చి, తరువాత దాని కోడ్‌ను అందరికీ ఇచ్చేశారు; దాని నుంచి పుట్టిన షాటర్డ్ పిక్సెల్ డంజన్ ఇప్పటికీ కొత్త కొత్త మార్పులతో వస్తూనే ఉంది. అందులో రసాయన పాత్ర ఉంటుంది. విత్తనాలు వేస్తే మందు వస్తుంది, పత్రం వేస్తే మంత్రపు రాళ్లు వస్తాయి. అక్కడ తయారయ్యేవి చాలావరకు ఒకసారి వాడితే అయిపోయేవే. కత్తినో కవచాన్నో వండుకోలేము. క్రాఫ్టింగ్ తీసేయమని నిన్న అన్నాను. ఉంచాలనుకుంటే అలాంటి హద్దు పెట్టండి.

పుత్తూరు కట్టు
ఆదివారం, సాయంత్రం 4:25

పరీక్షించిన వారిలో నేనూ ఉన్నాను కనుక నిన్నటి ఆట ఎలా సాగిందో రాస్తాను. (పేరు చూసి విరిగిన రోబో కాళ్లు పంపకండి, మా ఊళ్లో ఎముకలకే కడతారు.)

రెండో అంతస్తులో బెంచ్ ఉన్న గది మ్యాప్‌కు పడమర అంచున పడింది. తూర్పు కొసన మూడు కాపలా యంత్రాలను గుమ్మంలో నిలబడి ఒక్కొక్కటిగా పడగొట్టాను. వాటిలో ఒకదానికి ఇంజెక్షన్ సూది లాంటి పొడవాటి చేయి ఉంది, దూరం నుంచి తలుపులు తెరుస్తుందట. అంత చక్కటి వస్తువును ఒక్కసారి కూడా వాడకుండా తుక్కు చేసేశాను, ఎందుకంటే దాని తుక్కు విలువ 14, నాకు కావలసిన కవచానికి తక్కువ పడింది 12. ఆ తరువాత సంచి నిండిపోయి అటూ ఇటూ నాలుగు విడతలు తిరిగాను. దారిలో ఏమీ ఎదురు కాలేదు, నేనూ ఏమీ ఆలోచించలేదు, బాణం మీటను నొక్కి పట్టుకున్నానంతే.

నా ఫిర్యాదు మోతకన్నా ఆ చేతి గురించి. అంత కష్టపడి రకరకాల భాగాలు గీసి, వాటికి గుణాలు రాసి, చివరికి అన్నిటికీ ఒకే అంకె అంటగడితే ఆటగాడు ఆ అంకెనే చూస్తాడు.

పాకాల జంక్షన్
ఆదివారం, సాయంత్రం 5:00

ఈ టపాను తమ్ముడు ప్రింటు తీసి గోడకు అంటించుకోవాలి. తుక్కు అనే ఉమ్మడి నాణెం ఉన్నంతకాలం ఏ భాగానికీ సొంత విలువ ఉండదు.

చిత్తూరు మామిడి
ఆదివారం, రాత్రి 10:45

నేను ఆటలు తయారు చేసేవాణ్ణి కాను. చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ ఫిట్టర్‌ను. సీజన్‌లో ఈ వేదిక వైపు రావడానికే తీరదు, ఇప్పుడు కాస్త ఖాళీ. యంత్రం మీద యంత్రం భాగాలు తగిలించే విషయం కాబట్టి నాకు తెలిసినది చెబుతాను.

మీ ఆటలో ఏ భాగమైనా ఏ రోబోకైనా ఇట్టే అతుక్కుపోతుంది. నిజంగా అలా ఉండదు. సీజన్ మధ్యలో, అర్ధరాత్రి పూట పంపు మోటారు కాలిపోయిందనుకోండి. కొత్తది తెల్లవారాక గాని రాదు. ఆగి ఉన్న పక్క లైనులో అదే హార్స్‌పవర్ మోటారు ఉంటుంది, కానీ కాలినది నిమిషానికి 1440 తిరుగుడు అయితే ఇది 960ది. అదే శక్తికి నిదానపు మోటారు పెద్ద ఒంటితో వస్తుంది. కాబట్టి అడుగు రంధ్రాలు కలవవు, షాఫ్ట్ లావుగా ఉంటుంది, దాని మధ్య ఎత్తు కూడా ఎక్కువ. కప్లింగ్‌ను లోపల బోర్ చేయించాలి, పంపు కింద ప్యాకింగ్ ప్లేట్లు పెట్టి ఎత్తు కలపాలి, బేస్‌కు కొత్త రంధ్రాలు వేయాలి. ఇంతా చేస్తే పంపు మునుపటి వేగంలో మూడింట రెండు వంతులే తిరుగుతుంది. గుజ్జు తక్కువ వస్తుంది, కానీ లైను ఆగదు. ఎత్తు సరిగ్గా కుదరకపోతే బేరింగ్ వేడెక్కుతుంది, చెయ్యి పెట్టి చూసుకుంటూ తెల్లవారేదాకా దాని పక్కనే కూర్చోవాలి.

ఇందులో వర్క్‌షాప్ వాళ్లు మోటారును తయారు చేయలేదు, గమనించండి. అతుకును తయారు చేశారు. మీ బెంచ్ కూడా భాగాలు చేయడం మానేసి అతుకులు మాత్రమే చేస్తే ఎలా ఉంటుంది? కాపలా యంత్రాల చేయి కాపలా యంత్రాల భుజానికే సూటిగా సరిపోవాలి. వేరే జాతి రోబోకు పెట్టాలంటే అతుకు కావాలి, ఆ అతుకుకు ఒక ఖరీదు, ఒక లోపం ఉండాలి: వేడెక్కడమో, గురి తప్పడమో, చప్పుడు చేసి శత్రువును పిలవడమో. అప్పుడు పుత్తూరు గారి సూది చేతిని తుక్కు చేయడం కుదరదు. దానిని ఎలా తగిలించాలా అని ఆలోచించాలి.

స్వర్ణముఖి
ఆదివారం, రాత్రి 11:20

ఈ చర్చలో ఇంతవరకు వచ్చిన సూచనలలో ఇది అన్నిటికన్నా బలమైనది. ఏ రెండు ఆటలూ ఒకేలా సాగకపోవడానికి ఇక మ్యాప్ మీదే ఆధారపడనక్కరలేదు. ఏ జాతి యంత్రాలు ముందు ఎదురైతే ఆ జాతి అతుకుల చుట్టూ రోబో పెరుగుతుంది. ఒకే జాగ్రత్త చెబుతాను. జాతుల సంఖ్యను నాలుగైదు దగ్గర ఆపండి. పది జాతులు పెడితే వాటి మధ్య అతుకుల పట్టిక ఎవరికీ గుర్తుండదు, ఆటగాళ్లు బయట పట్టిక తెరిచి పెట్టుకొని ఆడతారు.

చిత్తూరు మామిడి
సోమవారం, ఉదయం 6:10

ఇంకొక మాట కూడా అడగాలని ఉంది. రోబో చెడిపోతే మొదటి నుంచి ఆడాలన్న నియమం నాలాంటి వారికి కష్టం. షిఫ్టు ముగిసి ఇంటికి వచ్చి, పిల్లలు పడుకున్నాక అరగంట దొరుకుతుంది. ఏడో అంతస్తు దాకా వారం పాటు ఎక్కినది ఒక్క దెబ్బతో పోతే మళ్లీ తెరవబుద్ధి కాదు. ఒకటి రెండు చోట్ల ప్రాణం నిలుపుకునే వీలు పెట్టకూడదా?

పాకాల జంక్షన్
సోమవారం, ఉదయం 8:30

మామిడి గారూ, సేవ్ చేసి ఆపుకోవడానికి, వెనక్కి వెళ్లి దిద్దుకోవడానికి తేడా ఉంది. రోగ్‌లోనే మొదటిది ఉంది: ఆటను ఆపి దాచుకోవచ్చు, తిరిగి తెరిచిన వెంటనే ఆ ఫైలు చెరిగిపోతుంది. మీ అరగంటకు అది చాలు. రెండోది ఇస్తే మీరే చెప్పిన అతుకుల అందం పాడవుతుంది. కాలు విరగ్గానే వెనక్కి వెళ్లగలిగినప్పుడు, కుంటి రోబోతో ఒక అంతస్తు గట్టెక్కే అవస్థను ఎవరు కోరుకుంటారు? ఈ ఆటకు ప్రాణం ఆ అవస్థలోనే ఉంది.

చిత్తూరు మామిడి
సోమవారం, మధ్యాహ్నం 1:15

నేను కోరుకుంటాను సార్, రోజూ ఫ్యాక్టరీలో చేసేది అదే కాబట్టి. నా బాధ ఆ ఒక్క అవస్థ గురించి కాదు, వారం పోవడం గురించి.

స్వర్ణముఖి
సోమవారం, రాత్రి 9:00

ఇద్దరి మాటా చెల్లే దారి ఉంది. కేవ్స్ ఆఫ్ కడ్ అనే రోగ్‌లైక్ చాలా ఏళ్లు ఎర్లీ యాక్సెస్‌లో (పూర్తికాకముందే అమ్మే దశలో) ఉండి 2024 డిసెంబరులో పూర్తి రూపంలో వచ్చింది. అందులో శాశ్వత మరణం ఉన్న క్లాసిక్ పద్ధతి ఉంది, ఊళ్లకు చేరినప్పుడు ఆట నిలిచే రోల్‌ప్లే పద్ధతీ ఉంది. ఎవరికి కావలసినది వారు మొదట్లోనే ఎంచుకుంటారు, రెండూ ఆటలోనివే. అయితే అది ఎంతకీ తరగని మహా ప్రపంచం. పది అంతస్తుల ఆటకు నాకు తోచే పరిష్కారం వేరు: మొత్తం ఆట రెండు గంటల్లో ముగిసేలా అంతస్తులను కుదించండి. మోత తగ్గితే సగం కుదింపు దానంతటదే జరుగుతుంది. రెండు గంటల ఆట పోయినందుకు ఎవరూ అలిగి వెళ్లిపోరు.

పాకాల జంక్షన్
సోమవారం, రాత్రి 9:20

కుదించడానికి నాకు అభ్యంతరం లేదు. రెండు పద్ధతులు పెట్టడానికి మాత్రం ఉంది, ఒంటరిగా ఆట చేసేవాడు రెండిటినీ తూకం వేయలేడు.

కోర్లగుంట రోబో
మంగళవారం, రాత్రి 10:05

అందరికీ ధన్యవాదాలు. తుక్కు అనే అంకెను పూర్తిగా తీసేస్తున్నాను. మామిడి గారు చెప్పినట్టు బెంచ్ అతుకులే చేస్తుంది, ఒక అతుకుకు ఒక భాగాన్ని బలి ఇవ్వాలి. జాతులు నాలుగు. వెనక్కి వెళ్లే సేవ్ ఉండదు, ఆపుకునే సేవ్ ఉంటుంది, అంతస్తులు పది నుంచి ఏడుకు తగ్గుతాయి.

మేడం, ఏరుకుపోయే రోబోల గురించి ఒక సాంకేతిక సందేహం ఉంది. ప్రతి రోబో ప్రతి భాగానికీ విడివిడిగా దారి వెతుకుతుంటే, ముప్పై భాగాలు పడి ఉన్న అంతస్తులో వంతు వంతుకూ ఆట ఆగి ఆగి నడుస్తోంది. దీనికి సులువు ఏమైనా ఉందా?

స్వర్ణముఖి
బుధవారం, ఉదయం 7:30

డైక్‌స్ట్రా మ్యాప్ వాడండి. బ్రోగ్ తయారీదారు బ్రయన్ వాకర్ దీని గురించి రోగ్‌బేసిన్ అనే రోగ్‌లైక్‌ల వికీలో వివరంగా రాశారు. ఒక్కో రోబోకు దారి వెతకడం మానేసి, అంతస్తుకు ఒకే అంకెల పటం గీయండి. భాగం పడి ఉన్న ప్రతి గడిలోనూ సున్నా వేసి, దాని చుట్టుపక్కల గడులలో 1, వాటి పక్కన 2, అలా గోడలు తగిలేదాకా నింపుకుంటూ పోవాలి. ఇక రోబోలకు ఆలోచనే అక్కర్లేదు, తమ పక్కనున్న గడులలో ఏది చిన్న అంకె అయితే అందులోకి జరిగితే చాలు, దగ్గరి భాగానికి చేరిపోతాయి. రోబోలు పది ఉన్నా వంద ఉన్నా పటం ఒక్కటే, అదీ భాగాలు మారినప్పుడు తిరిగి గీస్తే చాలు.

పారిపోయే రోబోలకు కూడా ఇదే పనికొస్తుంది. ఆటగాడు ఉన్న గడిని సున్నాగా పెట్టి పటం గీసి, అంకెలన్నిటినీ మైనస్ 1.2 లాంటి సంఖ్యతో గుణించి, మరొకసారి సరిచేస్తే, మూలలో ఇరుక్కోకుండా గుమ్మం వెతుక్కొని పారిపోతాయి. మైనస్ 1తో గుణిస్తే మాత్రం మూలలోకి వెళ్లి వణుకుతూ నిలబడతాయి.

ఇంకొకటి, మ్యాప్ తయారీకి వాడే యాదృచ్ఛిక సంఖ్యల వరుసను, పోరాటానికి వాడే వరుసను వేరు చేశారా? రెండూ ఒకటే అయితే, ఒకే సీడ్‌తో (ఆ వరుసను మొదలుపెట్టే సంఖ్యతో) ఇద్దరు ఆడినా మొదటి దెబ్బ దగ్గర తేడా వచ్చి, పై అంతస్తులన్నీ మారిపోతాయి. ఎవరైనా తప్పు ఎత్తి చూపినప్పుడు అదే అంతస్తును మీరు తిరిగి పుట్టించలేరు.

కోర్లగుంట రోబో
బుధవారం, ఉదయం 7:55

వేరు చేయలేదు, ఈ రాత్రికి చేస్తాను. ఆట కొత్త ప్రతిని ఈ శుక్రవారం పెడతాను.

పుత్తూరు కట్టు
శనివారం, రాత్రి 11:40

కొత్త ప్రతి ఆడాను. నాలుగో అంతస్తులో చచ్చాను, మొదటిసారిగా ఎందుకు చచ్చానో నాకు తెలుసు. సూది చేతిని నా రోబోకు పెట్టడానికి అతుకు కోసం ఒక కెమెరాను బలి ఇచ్చాను. దానితో చూపు మూడు గడులు తగ్గింది. దూరం నుంచి తలుపులు తెరుస్తున్నాను గానీ, తెరిచిన తలుపు వెనక ఎవరున్నారో కనబడదు. చివరికి తెరవకూడని తలుపే తెరిచాను. ఇది చాలా బాగుంది.

బాగుండనిది: బెంచ్ దగ్గర పాత కాలు విప్పి నేల మీద పెట్టి, కొత్తది తగిలించే ఆ రెండు వంతుల వ్యవధిలో, ఏరుకుపోయే రోబో వచ్చి నా పాత కాలు పట్టుకుపోయింది. దాని వెంటపడదామంటే కొత్త కాలుకు అతుకు కుదరలేదు. అది కావాలని పెట్టిందేనా?

కోర్లగుంట రోబో
ఆదివారం, ఉదయం 8:20

కావాలని పెట్టింది కాదు గాని, చదివాక ఉంచేయాలనిపిస్తోంది. బెంచ్‌కు ఆనుకొని ఉన్న గడులలోని భాగాలను మాత్రం అవి ముట్టుకోకుండా పటంలో వాటికి సున్నా వేయడం మానేస్తాను. అంతకు మించి ఒక్క గడి దూరంలో పెట్టినా తీసుకుపోతాయి.

రేణిగుంట ప్యాసింజర్
ఆదివారం, ఉదయం 8:45

ఆ ఆనుకున్న గడులు నాలుగా, ఎనిమిదా? ఎనిమిదైతే జనం మళ్లీ బెంచ్ చుట్టూ గుట్టలు పోస్తారు, చూసుకోండి.

కోర్లగుంట రోబో
ఆదివారం, ఉదయం 8:50

ఒక్కటే గడి, బెంచ్‌కు ముందున్నది. ఈ సాయంత్రం ప్రతిలో మార్చి పెడతాను.